దగ్గు వినిపించని ఇల్లు

ఏడు తిరగకుండానే నేను సినిమాకు వెళ్లాను. అదీ దెయ్యాల సినిమాకు.

తమ్ముడు పోయి అప్పటికి ఎనిమిది నెలలు. మా ఇళ్లల్లో మనిషి పోతే సంవత్సరీకం అయ్యేదాకా పండగ చేసుకోరు, సినిమా హాలు మెట్లు ఎక్కరు. ఆ నియమం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కానీ దాని వెనక దాక్కోవడం సుఖంగా ఉండేది. ఎవరైనా ఎక్కడికైనా రమ్మంటే, ఇంకా ఏడు తిరగలేదండీ అంటే చాలు, మళ్లీ అడిగేవాళ్లు కాదు.

నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. పెళ్లి చేసుకోలేదు. గుంటూరు పక్కన నల్లపాడులో రెండు గదుల ఇంట్లో పుస్తకాలతో ఉంటాను. పిల్లల వ్యాసాల్లో 'పచ్చని తివాచీ పరిచినట్లు' లాంటి మాటలు కనిపిస్తే ఎర్ర పెన్నుతో గీత కొట్టి, పక్కన 'నువ్వు చూశావా?' అని రాస్తాను. తమ్ముడు ఊళ్లో ఉండి పొలం చేసేవాడు. నా ఎర్ర గీతలు చూసి నవ్వేవాడు. "నువ్వు మాటల్లో తాలు ఏరతన్నావు, నేను కాయల్లో ఏరతన్నా. ఇద్దరిదీ ఒకటే కూలి పనిరా అన్నయ్యా" అనేవాడు. తాలు అంటే రంగు పోయి తెల్లబడిన మిరపకాయ. మంచి కాయల్లో అది కలిస్తే సరుకు విలువ పోతుంది.

కార్తీకంలో ఒక ఉదయం తోటకు నీళ్లు పెట్టి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మా మరదలు మంచినీళ్లు తెచ్చేసరికి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. గుండె అన్నారు. అప్పటికి మిరప తోట పూత మీద ఉంది. మనిషి పోయిన సంగతి తోటకు తెలియదు. పూత పిందె అయింది, పిందె కాయ అయింది, కాయ పండింది.

కోతలు, ఎండబెట్టడం, తాలు ఏరడం, బస్తాలు తొక్కించడం, అన్నీ మరదలే చేసింది. నేను వెళ్లలేదు. పరీక్షలన్నాను, పేపర్లు దిద్దాలన్నాను. బస్తాలు గుంటూరు వచ్చిన రోజు మాత్రం లారీ వెంట కోల్డ్ స్టోరేజీ ఆఫీసుదాకా వెళ్లాను. సరుకు దించుతుంటే రోడ్డవతల నిలబడి, వాళ్లిచ్చిన చీటీ తెచ్చి బీరువాలో పెట్టాను. అప్పటినుంచి ఆ చీటీ బయటికి తీయలేదు.

జూన్ నుంచి మరదలు అడుగుతూనే ఉంది. ఈ ఏడు తనే తోట వేస్తానంది. నర్సరీలో నారు ముందే చెప్పుకోవాలి, ఆలస్యమైతే మంచి నారు దొరకదు, బస్తాలు తీసి అమ్మితే గాని పని మొదలు కాదు.

"రేటు రానీమ్మా" అన్నాను.

ఇంకో వారానికి మళ్లీ అడిగింది. మళ్లీ అదే అన్నాను. పొలం కౌలుకిచ్చేసి గుంటూరు వచ్చెయ్యమని కూడా అన్నాను. మా జిల్లాలో రేటు కోసం ఆగడాన్ని మించిన వివేకం లేదు. ఎవరూ తప్పుపట్టలేని మాట అది. అందుకే పట్టుకున్నాను. నిజానికి ఆ నెలల్లో నేను రేటు ఎంతుందో ఒక్కసారి కూడా కనుక్కోలేదు.

సినిమాకు లాక్కుపోయింది తమ్ముడి కూతురు. గుంటూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది.

"పెదనాన్నా, ఆ సినిమా గురించి మా హాస్టల్లో రెండు పార్టీలయ్యాయి. ఒక గది వాళ్లు ఇంకో గది వాళ్లతో మాట్లాడట్లేదు. సగం మంది ఇంతకు మించింది లేదంటారు. సగం మంది నిద్రమాత్రంటారు."

"నువ్వే పార్టీ?"

"నేను చూళ్లేదు. నాన్న పోయాక ఎక్కడికీ వెళ్లలేదుగా." మళ్లీ తనే అంది, "అందులో అంతా మిరపకాయల కల్లమే అంట. నాతో నువ్వే రావాలి."

నేను ఇంకా ఏడు తిరగలేదన్నాను. "నాన్నయితే మొదటి ఆటకే పోయేవాడు" అంది. అది నిజం. వెళ్లాం.

మొదటి దృశ్యం ఇప్పటికీ కళ్లల్లో ఉంది. తెరంతా ఎరుపు. అది ఏమిటో తెలియదు. అంచు లేదు, ఆకాశం లేదు. చాలాసేపు కదలదు. హాల్లో ఎవరో ఈల వేసి ఆపేశారు. తర్వాత ఆ ఎరుపులో ఒక మూల తెల్లటి చుక్క కనబడింది. చుక్క కదిలింది. కదిలినచోట సన్నటి చాలు పడింది. అప్పుడు అర్థమైంది, అది కల్లంలో ఆరబోసిన మిరపకాయలనీ, ఆ చుక్క తెల్ల చీర కట్టుకున్న మనిషనీ, ఆమె కాళ్లతో కాయలు నెట్టుకుంటూ తిరగేస్తోందనీ. ఆ చివరిదాకా వెళ్లి, తిరిగి, మొదటి చాలు పక్కనే ఇంకో చాలు. అలా తెరంతా చాళ్లు పడేదాకా చూపించాడు.

తమ్ముడు జీవితమంతా చేసిన పని అది. నేను ఎప్పుడూ గట్టు మీద నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, పక్కనుంచి చూశాను. పైనుంచి చూస్తే ఇలా ఉంటుందని నాకు తెలియదు. అంత పెద్ద ఎరుపులో అంత చిన్న మనిషి, తొందర లేకుండా. నా చేతిలో టికెట్టు ముక్క ఉంది. సినిమా అయ్యాక చూసుకుంటే ఉండ అయిపోయి ఉంది.

తర్వాత కథ. కథంటే పెద్దగా లేదు. మైదానంలో ఒంటరి ఇల్లు. ఆ ఇంట్లో ఒక అత్త, ఒక మామ, పగలంతా ఎక్కడుంటాడో తెలియని భర్త. పుట్టింటి నుంచి బస్సు దిగి వచ్చిన కోడలు. ఆమె వండుతుంది, కల్లంలో కాయలు తిరగేస్తుంది, పొద్దు వాలేముందు కాయల మీద పట్టాలు కప్పుతుంది. గోడలు సున్నం తెలుపు, బయటంతా ఎరుపు. ఎవరూ అరవరు. దెయ్యమంటూ ఏదీ తలుపు తోసుకుని రాదు. ఏదో సరిగా లేదని మాత్రం తెలుస్తుంటుంది, ఏమిటో తెలియదు.

హాలు ఎక్కువసేపు ఓర్చుకోలేదు. కోడలు పెద్ద మూకుట్లో దోసెడు ఎండుమిరపకాయలు వేయించే దృశ్యం వచ్చింది. పొగ వంటగది నిండి, పడకగదిలోకి పోయి, తెరంతా మసకైంది. ఇంట్లోవాళ్లు అందులోనే కూర్చుని మాట్లాడుకుంటున్నారు.

మా వెనక వరసలో ఒకాయన పక్కవాణ్ణి పొడిచాడు. "ఒరేయ్, అన్ని కాయలు నూనెలో ఏస్తే ఒక్కళ్లూ దగ్గలేదేందిరా?"

"డైరెక్టరు గుంటూరు ఎప్పుడన్నా వచ్చాడంటావా?"

"వచ్చుంటాడు. ఏసీ రూములో బిర్యానీ తిని పోయుంటాడు."

హాలంతా నవ్వింది. ముందు వరసల్లో ఎవరో కావాలని గట్టిగా దగ్గాడు. ఇంకొకడు అందుకున్నాడు. అక్కణ్ణుంచి ప్రతి రెండు నిమిషాలకీ ఎవరో ఒకరు దగ్గడం, అందరూ నవ్వడం. కాసేపటికి సినిమాలో ఒక పోస్టుమ్యాను గేటు దగ్గరికి వచ్చి, ఘాటు తగిలి, దగ్గి దగ్గి, ఉత్తరం పడేసి సైకిలెక్కి పారిపోతాడు. "అమ్మయ్య, ఒకడికన్నా ఎక్కిందిరా" అని చప్పట్లు కొట్టారు. నేను కూడా నవ్వాను. మావాళ్లు ఘాటు తెలిసినవాళ్లు. వాళ్ల దగ్గర అలాంటి తప్పు దొరికితే వదలరు.

చివర్లో కోడలు కల్లం మధ్యలో కూర్చుంటుంది. తెర మళ్లీ ఎర్రబడుతుంది. ఆమె వీపు ఒక్కసారి కదిలి, చిన్న దగ్గు వినిపించి, తెర నల్లబడింది. అంతే.

"అయిపోయిందా?" అని ఎవరో నిజంగానే అడిగారు. కుర్చీలు టపటపా మూసుకున్నాయి. కొందరు తెరను తిట్టారు. కొందరు లేవకుండా అలాగే కూర్చున్నారు. లేవనివాళ్లలో మా అమ్మాయి ఒకతె.

ఆటోలో అడిగింది. "ఎలా ఉంది?"

"మొదటి దృశ్యం చాలా బాగుంది. మిగిలింది అలంకారం. అలంకారం ఎక్కువైన చోట అర్థం ఉండదు."

"ఎర్ర పెన్ను సినిమాక్కూడా తెచ్చావా?" అని మొహం తిప్పుకుంది. నేను మాత్రం ఆ రాత్రి పుస్తకం తెరిస్తే అక్షరాల మీద చాళ్లు కనబడ్డాయి. నచ్చని సినిమా ఇలా వెంటపడకూడదు. అది నాకు చిరాకు కలిగించింది.

ఆదివారం ఇద్దరం ఊరెళ్లాం. మరదలు గోంగూర పచ్చడికి ఎండుమిరపకాయలు వేయిస్తోంది. వసారాలో కూర్చున్న అమ్మాయికి దగ్గు మొదలైంది. వంటగదిలో మరదలు కూడా దగ్గుతోంది. పుట్టినప్పటినుంచి మిరపలో ఉన్న మనుషులకు కూడా ఆ పొగ పడదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దగ్గుతూనే గరిటె తిప్పుతోంది.

అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ అంది. "చూశావా పెదనాన్నా, ఇదీ అసలు సంగతి. పాపం ఆ సినిమావాళ్లకి ఇది తెలియకే అంత గొడవైంది."

"పోస్టుమ్యానుకి తెలుసుగా" అన్నాను, నవ్వులాటకి.

ఆ మాట అన్నాకే తట్టింది. పోస్టుమ్యాను చేత దగ్గించాలని తెలిసినవాడికి, ఇంట్లోవాళ్ల చేత దగ్గించాలని తెలియదా?

అమ్మాయి నా వంక చూస్తోంది. నేను చూస్తున్నదే తనూ చూస్తోందని తెలిసింది.

"వాళ్లు ఊపిరి తీసుకోవట్లేదు" అంది మెల్లగా. "పెదనాన్నా, ఆ ఇంట్లో ఎవరూ... అత్త, మామ, ఆయన, ఎవరూ లేరు."

మేము ఒక హాలు నిండా మనుషులం, మిరప గురించి లోకంలో ఎవరికన్నా ఎక్కువ తెలిసినవాళ్లం. కథ తాళంచెవి తెచ్చి మా చేతుల్లో పెడితే, అదే తప్పని ఎగతాళి చేసి ఇంటికి వచ్చాం. ఇంకెక్కడి ప్రేక్షకులకైనా అది అర్థం కాకపోవడంలో వింత లేదు. అర్థం కావాల్సింది మాకు.

"మరి కోడలో?" అంది అమ్మాయి. "చివర్లో దగ్గింది కదా. మధ్యలో ఎందుకు దగ్గలేదు?"

మళ్లీ చూడాలి అన్నాను. అప్పుడు వంటగది గుమ్మంలోంచి మరదలు అంది, "నేనూ వస్తా."

ఎనిమిది నెలల్లో ఆమె పొలానికి, కల్లానికి తప్ప గడప దాటలేదు. మర్నాడు పొద్దున ముగ్గురం బస్సు కోసం నిలబడితే ఎదురింటి పెద్దామె వాకిలి ఊడుస్తూ అడిగింది. "ఎక్కడికే?"

"సినిమాకి అత్తా."

"ఏడు తిరక్కుండానా? అయ్యో రాతా! మేష్టారూ, మీరన్నా చెప్పొద్దా?"

"దెయ్యాల సినిమాలే అత్తా" అంది మరదలు. "మనోళ్లెవరన్నా కనపడతారేమో చూసొస్తా."

పెద్దామె చీపురు పట్టుకుని అలాగే నిలబడింది. బస్సు ఎక్కాక అమ్మాయి నవ్వు ఆపుకోలేక తల్లి భుజం మీద తల పెట్టింది. నవ్వో ఏడుపో నేను చూడలేదు. కిటికీలోంచి దున్ని పెట్టిన నల్లరేగడి చూస్తూ కూర్చున్నాను.

మ్యాట్నీలో పదిమంది కూడా లేరు. ఈసారి దగ్గేవాళ్లు, ఈలలేసేవాళ్లు లేరు కాబట్టి అన్నీ వినిపించాయి. పేర్లు పడుతున్నప్పుడు, సంగీతం కింద, బస్సు ఆగిన చప్పుడు. చెప్పుల చప్పుడు. గేటు తీసిన చప్పుడు. ఆ తర్వాత ఆడమనిషి దగ్గు, రెండుసార్లు. మొదటిసారి మాకు అది వినపడనే లేదు. కోడలు ఆ ఇంటికి ప్రాణంతో వచ్చింది.

మొదటి రోజు వంట చేస్తూ కొంగు అడ్డం పెట్టుకుంది. మొదటిసారి చూసినప్పుడు అది నటి అందం కోసం చేసిన పని అనుకున్నాను. తర్వాత కొంగు తీసేసింది. ఒక రోజు దగ్గు వస్తుంటే అత్త ఆమె వంక తిరిగి చూసింది. ఆమె మింగేసింది. గొంతు దగ్గర నరం ఉబ్బి తగ్గడం తెరంత పెద్దగా చూపించాడు. భర్త చేతిలో కంచం పెట్టేటప్పుడు మళ్లీ మింగింది. ఆ తర్వాత మింగాల్సిన అవసరం కూడా లేకపోయింది. పొగలో అందరితోపాటు కూర్చుని నవ్వుతోంది. తెలుపు ఇంకా తెలుపుగా, ఎరుపు ఇంకా ఎరుపుగా కనబడుతోంది. అలంకారం అని నేను గీత కొట్టిన ప్రతి రంగూ ఆమె ఊపిరి ఎంత మిగిలిందో చెప్పే లెక్కే. నాకు భయం వేయలేదు. గుళ్లో చిన్నప్పుడు మొదటిసారి హారతి వెలుగులో విగ్రహం కళ్లు చూసినప్పుడు కదలకుండా నిలబడిపోయాను. అలా ఉన్నాను.

అవతలి కుర్చీలో మరదలు కన్నార్పకుండా చూస్తోంది. చివర, కోడలు కల్లం మధ్యలో కూర్చున్నప్పుడు, తెర నల్లబడకముందే అంది.

"ఆమెకి మొదట్నుంచీ తెలుసు బావగారూ."

"ఏం తెలుసమ్మా?"

"వాళ్లు లేరని. తెలిసే వండి పెట్టింది."

తెర మీద దగ్గు వినిపించింది. హాల్లో దీపాలు వెలిగాయి.

బయట టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. మరదలు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు తాగలేదు. "కోతలప్పుడు ఒకటే దగ్గు" అంది. "ఆయన పక్కన లేడు, కూలోళ్లు చూస్తన్నారు, నేను దగ్గుతానే ఉన్నా. సిగ్గేసింది బావగారూ. మనిషి పోయి మూణ్ణెల్లు తిరగలేదు, నాకేమో ఘాటెక్కిద్ది, ఆకలేసిద్ది." ఒక గుక్క తాగి అంది, "మీకు ఈ ఏడు దగ్గొచ్చిందా?"

ఆమె దెప్పడానికి అడగలేదు. నిజంగానే అడిగింది.

నేను ఆలోచించాను. సంక్రాంతి దాటి ఉగాది దాకా గుంటూరులో గాలికే ఘాటు ఉంటుంది. మిర్చి యార్డు పక్కనుంచి బస్సు పోతే లోపల అందరూ తుమ్ముతారు. ఆ నెలల్లో నేను ఆ దారిన వెళ్లలేదు, చుట్టూ తిరిగి స్కూలుకు వెళ్లాను. కల్లానికి రాలేదు. ఇంట్లో పోపు పెట్టుకోలేదు, హోటల్ నుంచి ఇడ్లీ తెచ్చుకున్నాను. సరుకు దించుతుంటే రోడ్డవతల నిలబడ్డాను. ఒక మిరప కాలం మొత్తం ఒక్క దగ్గు లేకుండా గడిపాను. తమ్ముడి చివరి కాపును చల్లటి చీకటి గదిలో పెట్టి, చీటీ బీరువాలో పెట్టి, ఎవరు అడిగినా రేటు రానీ అన్నాను.

"రాలేదమ్మా" అన్నాను.

నేనే అన్నాను, నర్సరీకి రేపే వెళ్దామని. ఆమె గ్లాసు కింద పెట్టింది.

"కౌలన్నారుగా?"

"నువ్వేస్తానన్నావుగా."

"మధ్యలో మళ్లీ రేటంటే ఊరుకోను" అంది.

మర్నాడు పొద్దున్నే నర్సరీకి వెళ్లి నారు చెప్పాం. ఏ విత్తనమో, ఎన్ని మొక్కలో, ఎప్పటికి కావాలో ఆమే మాట్లాడింది. నేను సంచీ పట్టుకుని నిలబడ్డాను. ఆ తర్వాత రోజు బస్తాలు యార్డుకు చేరాయి. షెడ్డు కింద వరసగా నిలబెట్టారు. హమాలీ ఒకాయన వచ్చి, కొక్కెంతో ఒక బస్తా కుట్టు తెంపి, చెయ్యి లోపలికి దూర్చి గుప్పెడు కాయలు పైకి లాగాడు, కొనేవాళ్లు చూడటానికి.

కాయలు నిన్న ఎండినట్టే ఉన్నాయి. తొడిమలు ఊడలేదు. ఆ గుప్పెట్లో ఒక్క తాలు కాయ లేదు. తమ్ముడు నాటిన మొక్క, మరదలు ఏరిన కాయ. ఆ ఎరుపుకు ఏ మాట పెడితే సరిపోతుందా అని వెతికాను. నాకు దొరకలేదు. దగ్గరికి వెళ్లి, బస్తా మీదికి వంగి చూశాను.

మొదట ముక్కులో మంట. తర్వాత గొంతులో. దగ్గు వచ్చింది. ఆపుకోలేదు. ఒకటి, రెండు, ఇంక లెక్క లేదు. బస్తా మీద చేతులు ఆనించి వంగిపోయి దగ్గాను. కళ్లల్లోంచి, ముక్కులోంచి నీళ్లు. ఊపిరి అందినప్పుడల్లా ఆ ఘాటే లోపలికి వెళ్లింది.

"మేష్టారు కొత్తనుకుంటా" అన్నాడు హమాలీ.

"కొత్త కాదులే అన్నా" అంది మరదలు, తనూ దగ్గుతూ. "ఎనిమిది నెలల్నుంచీ ఊళ్లో లేరు."

తన భుజం మీది తువ్వాలు తీసి నా వైపు చాపింది. "మూతికి కట్టుకోండి బావగారూ."

చేత్తోనే వద్దన్నాను. మాట రావడానికి ఇంకా కాసేపు పట్టింది.